నలభై ఏడో ఊపిరి

కుర్చీలు అమ్మే దుకాణం పైన, రెండో అంతస్తులో, కిటికీల్లేని గదులు రెండున్నాయి. పెద్ద నగరంలో జరిగే ప్రేమలకీ హత్యలకీ ఉద్యోగాలకీ గొంతు వచ్చేది అక్కడే. రోజూ సాయంత్రం ఏడింటికి టీవీలో వచ్చే సీరియల్‌కి ఆ గదుల్లోనే డబ్బింగ్ చెబుతారు.

ఆ సీరియల్ నాలుగేళ్లుగా నడుస్తోంది. కథంతా ఇరవై అంతస్తుల ఆఫీసులో. ఇన్నేళ్లలో ఆ ఆఫీసులో ఎవరైనా ఒక్క పని పూర్తి చేయగా చూసినవాళ్లు లేరు. ఫైలు తెరుస్తారు, ఉలిక్కిపడతారు, మూసేస్తారు. అక్కడ ఒళ్లు దాచుకోకుండా పనిచేసేది లిఫ్టు ఒక్కటే. హీరో హీరోయిన్లు ఇద్దరే ఎక్కినప్పుడల్లా మరిచిపోకుండా మధ్యలో ఆగుతుంది. మొదటి రోజే చనిపోయిన అకౌంటెంటుని ఎవరు చంపారో ఇప్పటికీ తేలలేదు. తేల్చాల్సిన ఇన్‌స్పెక్టరు హీరోయిన్‌ని ప్రేమిస్తున్నాడు. ఆయనకి తీరికేదీ?

హీరోయిన్ చూడ్డానికి చక్కని పిల్ల, కాదనకూడదు. భాష మాత్రం రాదు. అందుకని కెమెరా ముందు అంకెలు చదువుతుంది. "ఒకటి, రెండు, మూడు" అంటూ ప్రియుడి చొక్కా పట్టుకుంటుంది. "పదిహేడు, పద్దెనిమిది" అంటూ కుప్పకూలుతుంది. పంతొమ్మిది దగ్గర కన్నీళ్లు. ఆ అంకెల మీద "నన్ను ఎందుకింత మోసం చేశావు?" అన్న మాటని పెదాలకి అతికినట్టు పలకాలి. మూడేళ్లపాటు ఆ పని చేసింది అక్క. ఇప్పుడు చిట్టి చేస్తోంది.

చిట్టి అంటే అక్కకి చెల్లెలు. ముప్పై దాటినా ఇంట్లో చిట్టి, బయట చిట్టి. ఇద్దరి గొంతులూ ఒకటే. అక్క పోయిన పదో రోజున సీరియల్ వాళ్లు ఫోన్ చేశారు. ముందు అయ్యో అన్నారు, ఆ తర్వాత ఎప్పటినుంచి రాగలవన్నారు. రెండింటి మధ్యా మర్యాదకి కాస్త ఆగారు కూడా.

రికార్డింగ్ చూసుకునే ఆయనకి అమ్మానాన్నలు ఏదో పేరు పెట్టే ఉంటారు. అందరూ చెవులాయన అంటారు. చెవులు పెద్దవని కాదు, పెద్దవే అనుకోండి. తనలా వినగలిగేవాడు మరొకడు పుట్టలేదని ఆయన నమ్మకం. టేక్ మొదలవగానే కళ్లు మూసుకుంటాడు. "కళ్లు తెరిచామా, చెవి సగమే పనిచేస్తుందమ్మా" అంటాడు. మైకులో శబ్దం పూర్తిగా ఆగితే తప్ప కళ్లు తెరవడు. ఇంట్లో భార్య మాట్లాడేటప్పుడు కూడా ఇదే పద్ధతి. అయితే ఆవిడ మాటలు ఆగాక కూడా తెరవడం లేదని ఆవిడ గోల.

ఆయన కూర్చునే గదికీ, మైకు ఉన్న గదికీ మధ్య పెద్ద అద్దం. మైకు గది తలుపు జానెడు మందం. లోపలివైపు పిడి తిప్పినప్పుడు కిర్రుమంటోందని చెవులాయన దాన్ని ఊడదీయించాడు. "తలుపు నేను తీస్తాగా, మీకెందుకు?" అన్నాడు. నిజమే, ఎవరికీ అవసరం రాలేదు. ఒక్కసారి తప్ప.

ఇక ఊపిరుల సంగతి. ఈ సీరియల్లో మాటలకన్నా ఊపిరులు ఎక్కువ. హీరోయిన్ నిట్టూరుస్తుంది, వెక్కుతుంది, రొప్పుతుంది, ఎవరైనా వెనకనుంచి పిలిస్తే "హా" అని గుండెలు పట్టుకుంటుంది. ప్రతిసారీ కొత్తగా రికార్డు చేస్తే పని తెమలదు. అందుకని చెవులాయన అక్కని ఒక రోజంతా కూర్చోబెట్టి రకరకాల ఊపిరులు పట్టి నంబర్లు వేసుకున్నాడు. పన్నెండు అంటే ప్రియుడు వేరే అమ్మాయితో కనబడినప్పటి నిట్టూర్పు. ముప్పై అంటే మెట్లెక్కిన ఆయాసం. అలా నలభై ఆరు. చిట్టి వచ్చాక మాటలు మారాయి గానీ ఊపిరులు మార్చలేదు. మాటలు చెల్లెలివి, మధ్యలో పీల్చే గాలి అక్కది. ఊరంతా రోజూ చూస్తున్నా ఎవరూ కనిపెట్టలేదు.

అమ్మ కనిపెట్టింది.

అమ్మకి చెవులు దాదాపు వినబడవు. టీవీ పక్కన చిన్న పీట వేసుకుని, స్పీకరు మీద అరచేయి ఆన్చి కూర్చుంటుంది. ప్రేమలూ హత్యలూ ఆమెకి పట్టవు. ఏడింటికి చేయి ఆనిస్తుంది, ఏడున్నరకి తీస్తుంది.

"పెద్దదానికి ఇవాళ జలుబు చేసినట్టుందే" అంటుంది ఒకరోజు.

"పెద్దది మెట్లెక్కి వచ్చింది, మంచినీళ్లు ఇవ్వవే" అంటుంది ఇంకోరోజు.

అప్పుడు చిట్టి వంటింట్లోకి వెళ్లి, కడగాల్సిన గిన్నెలున్నా లేకున్నా, కుళాయి తిప్పుతుంది.

ఎందుకంటే నలభై ఆరు తర్వాత నలభై ఏడు ఉంది. అది అక్క కావాలని ఇచ్చింది కాదు.

పదకొండు నెలల కిందట సీరియల్లో హీరోయిన్‌ని హంతకుడు రికార్డుల గదిలో పెట్టి తాళం వేశాడు. గాలాడని గదిలో హీరోయిన్ ఊపిరందక గిలగిల్లాడాలి. అక్కకి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. మందు పీల్చే గొట్టం ఎప్పుడూ సంచిలోనే. చప్పుడవుతుందని సంచులు మైకు గదిలోకి రానివ్వడు చెవులాయన. ఆ రోజు ఊరికే చూద్దామని చిట్టి కూడా వెళ్లింది. అద్దానికి ఇవతల, చెవులాయన పక్కన, కింద దుకాణంలో కొన్న కొత్త కుర్చీలో కూర్చుంది. కుర్చీ మీది ప్లాస్టిక్ కవరు అప్పటికింకా తీయలేదు.

అక్క రొప్పడం మొదలుపెట్టింది. గొంతులో ఈల. మెడ నరాలు పైకి తేలాయి. చెవులాయన కళ్లు మూసుకుని, ఆహా అన్నట్టు తల ఊపుతున్నాడు. చిట్టి చప్పట్లు కొట్టింది.

శబ్దం ఆగాక చెవులాయన కళ్లు తెరిచాడు. తలుపు తీసేసరికి అక్క కింద పడి ఉంది.

ఇంట్లో చెప్పింది వేరు. దారిలో ఆయాసం వచ్చిందని, ఆసుపత్రికి తీసుకెళ్లేలోగా పోయిందని చిట్టి అమ్మ అరచేతిలో వేలితో రాసి చెప్పింది. అమ్మ నమ్మింది. ఆ టేకు మాత్రం చాలా బాగా వచ్చిందని అందరూ అన్నారు. అది టీవీలో వచ్చిన రోజు మైల రోజుల్లో పడింది, ఇంట్లో టీవీ పెట్టలేదు. చెవులాయన దానికి నలభై ఏడు అని నంబరేశాడు. మనిషి చెడ్డవాడు కాదు. మంచి శబ్దం పారేయలేడు, అంతే.

*

రచయితకి ఏమీ తోచనప్పుడు హీరోయిన్‌కి గతం గుర్తొస్తుంది. ఆ మంగళవారం మధ్యాహ్నం అదే జరిగింది. రికార్డుల గది సంగతి హీరోయిన్ నాలుగు నిమిషాలు తల్చుకుంటుందట.

"నలభై ఏడు వేసేయమన్నారు డైరెక్టరుగారు" అన్నాడు చెవులాయన, అన్నం పొట్లం మడిచి పక్కనపెడుతూ. "నువ్వు ఇంటికి పోవచ్చు. హాయిగా పడుకో."

"వద్దన్నయ్యా. నా ఊపిరి ఇస్తాను. అది చెరిపేయండి."

"చెరిపేయడమా? అలాంటిది మళ్లీ దొరుకుతుందా అమ్మాయ్!"

"మా అమ్మ స్పీకరు మీద చేయి పెట్టుకుని కూర్చుంటుంది. ఈ నాలుగు నిమిషాలూ ఆవిడ చేతికి తగలకూడదు. ఆవిడకి తెలిసిపోతుంది."

చెవులాయన ఆమెని చూశాడు. మెలకువగా ఉండీ ఆయన ఒకరిని అంతసేపు చూడడం అదే మొదలు.

"సరే. నువ్వు ఇచ్చింది దానికి సాటి వస్తే చెరిపేస్తా. నా చేతిలో బదులు ఒకటి ఉండాలిగా."

చిట్టి సంచి కుర్చీ పక్కన పెట్టింది. పదకొండు నెలలుగా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. కవరు అలాగే మెరుస్తోంది. ఆమె లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

ఆ గదిలో తలుపు మూశాక వచ్చే నిశ్శబ్దం మామూలుది కాదు. చెవుల్లో దూది కుక్కినట్టుంటుంది. గోడలకి అతికించిన నల్లటి స్పాంజి చప్పుళ్లన్నిటినీ తాగేస్తుంది. పాత తివాచీ వాసన, వేడెక్కిన తీగల వాసన. చిట్టి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. లవంగం వాసన వేసింది.

అక్క టేకుకి ముందు లవంగం బుగ్గన పెట్టుకునేది. హెడ్‌ఫోన్ల మెత్తలు ఆర్నెల్ల కిందటే మార్చారు కదా అనుకుంది చిట్టి. అనుకుని ఊరుకుంది.

ఎర్ర లైటు వెలిగింది. అద్దానికి అవతల చెవులాయన బొటనవేలు ఎత్తి చూపించి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకున్నాడు. తెర మీద హీరోయిన్ గోడని గుద్దుతోంది. ఇరవై ఒకటి, ఇరవై రెండు అంటోంది.

చిట్టి మొదలుపెట్టింది. ముందు పొట్టి పొట్టి ఊపిరులు. తర్వాత పొడుగువి. నటన ఆమెకి చేతకానిది కాదు. మొదటి నిమిషం బాగానే సాగింది. రెండో నిమిషంలో గొంతులో ఈల మొదలైంది.

ఆ ఈల ఆమె పెట్టింది కాదు.

ఛాతీ మీద ఎవరో అరచేయి ఆన్చి నెమ్మదిగా నొక్కుతున్నట్టుంది. గాలి లోపలికి వస్తోంది... సగం దాకా వచ్చి ఆగుతోంది. చిట్టికి ఉబ్బసం లేదు. ఇంట్లో ఆ జబ్బు అక్క ఒక్కదానికే.

చేయి ఎత్తి ఊపింది. చెవులాయన కళ్లు మూసుకునే ఉన్నాడు. ఎంతో బాగుందన్నట్టు తల ఊపుతున్నాడు. తలుపు దగ్గరికి వెళ్లింది. పిడి ఉండాల్సిన చోట రెండు మేకు రంధ్రాలు. పిడికిలితో కొట్టింది. జానెడు మందం తలుపు. పరుపు మీద కొట్టినట్టు ఉంది.

అప్పుడు ఆమెకి ఒక సంగతి తట్టింది. చప్పుడు ఆగితే ఆయన కళ్లు తెరుస్తాడు. పాపం అక్కకి అది తోచలేదు. గాలి కోసం గింజుకున్న కొద్దీ ఆయన మరింత గట్టిగా కళ్లు మూసుకున్నాడు. ఆగాలి. రొప్పడం ఆపాలి.

చిట్టి మైకు ముందుకి వచ్చింది. చెవులాయన కళ్లు తెరవడం చూడాలని అద్దం వైపు తిరిగి, నోరు గట్టిగా మూసుకుంది. ముక్కు పట్టుకుంది. గది నిశ్శబ్దం అయింది. ఒకటి... రెండు... మూడు...

హెడ్‌ఫోన్లలో రొప్పు ఆగలేదు.

తన నోరు మూసే ఉంది. ముక్కు తన వేళ్ల మధ్యే ఉంది. చెవుల్లో మాత్రం ఈలతో, గురకతో, అదే ఊపిరి. మైకు అవతలినుంచి. దగ్గరగా. మెత్తలు వెచ్చబడ్డాయి.

చెవులాయన చిరునవ్వు నవ్వాడు. కళ్లు తెరవలేదు.

ఆయన పక్కన కుర్చీలో ఎవరో కూర్చున్నారు.

అద్దంలో ఎర్ర లైటు మెరుపు పడి మొహం కనబడలేదు. ఒడిలో చిట్టి సంచి ఉంది. చేతులు కనబడ్డాయి. ఆ చేతులు పైకి లేచాయి. ఒకదానికొకటి తాకాయి. చప్పుడు లేదు... అద్దం ఇవతలికి ఏ చప్పుడూ రాదు. మళ్లీ ఒకసారి. రెండు చప్పట్లు.

మూడోదానికి చేతులు విడిపోయి... గాలిలో అలాగే ఆగాయి.

చిట్టికి ఆ ఆగడం తెలుసు. అది ఎవరికీ చెప్పలేదు. చెవులాయనకీ తెలియదు, ఆయన కళ్లు మూసుకున్నాడు కదా. ఆ రోజు తను రెండు చప్పట్లు కొట్టాక అక్క చేయి తగిలి స్టాండు మీది కాగితాలు కింద పడ్డాయి. అక్క ఎప్పుడూ కాగితాలు పడనివ్వదు. చప్పుడైతే టేకు పోతుందని పేజీ తిప్పడం కూడా ఊపిరి బిగబట్టి తిప్పుతుంది. కాగితాలు పడ్డాయి, అక్క వాటివైపు చూడనైనా లేదు. అద్దంలోంచి సూటిగా చెల్లెల్నే చూసింది. చిట్టి చేతులు గాలిలో ఆగాయి.

కళ్ల ముందు చుక్కలు తేలుతున్నాయి. చిట్టి ముక్కు మీద చేయి తీసి, మిగిలిన కాస్త గాలినీ మైకులోకి వదిలింది.

"చూశానక్కా..."

చెవుల్లో రొప్పు ఒక్క క్షణం తగ్గింది.

"కాగితాలు పడ్డప్పుడు చూశాను. నిజమేమో అనుకున్నాను... లేస్తే టేకు పాడవుతుందని... అందరూ నవ్వుతారని... కూర్చుండిపోయాను. తెలిసి కూడా మూడోది కొట్టానక్కా."

రొప్పు ఆగింది.

నిశ్శబ్దం.

చెవులాయన కళ్లు తెరిచాడు. మరుక్షణం తలుపు తెరుచుకుంది. బయటి గాలి, కింద దుకాణంలోని వార్నిషు వాసనతో సహా, చిట్టి మొహానికి తగిలింది. ఆమె గడప మీద మోకాళ్లపై కూలబడి పీల్చింది. పీలుస్తూనే ఉంది.

"అమ్మాయ్! ఏమిటది! మీ అక్కని మించిపోయావు!" అంటున్నాడు చెవులాయన. "నాలుగు నిమిషాలూ ఒక్క టేకు!"

"చివర్లో..." ఆమె మళ్లీ గాలి పీల్చుకుంది. "చివర్లో నేను అన్నది... తీసేయండన్నయ్యా. ఎవరికీ వినిపించొద్దు."

"ఏమన్నావు? ఏమీ అనలేదే. మొదటినుంచి చివరిదాకా ఊపిరే."

వేసి వినిపించాడు. నిజమే. మాట ఒక్కటి లేదు.

చిట్టి కుర్చీ వైపు చూసింది. ఖాళీగానే ఉంది. సంచి మాత్రం కింద లేదు, సీటు మీద ఉంది. దాని పక్కన ప్లాస్టిక్ కవరు నొక్కుకుపోయిన చోటు... ఇప్పుడే మనిషి లేచి వెళ్లినట్టు... చిటచిటమంటూ మెల్లగా పైకి లేస్తోంది.

"చెప్పిన మాట ప్రకారం చెరిపేశానమ్మా, చూసుకో" అన్నాడు చెవులాయన, మీట నొక్కి. "నలభై ఏడు పోయింది. ఆ నంబరు ఖాళీగా ఉందిగా, నీదానికి అదే పెట్టాను."

*

శుక్రవారం సాయంత్రం ఏడింటికి అమ్మ పీట జరుపుకుని, స్పీకరు మీద చేయి ఆన్చింది. చిట్టి వంటింట్లోకి వెళ్లలేదు. అమ్మ పక్కనే నేల మీద కూర్చుంది. సీరియల్ అయ్యాక చెప్పేయాలని ఆ మూడు రోజులూ కూడబలుక్కుంది. అరచేతిలో ఏ అక్షరం తర్వాత ఏ అక్షరం రాయాలో కూడా అనుకుంది.

పక్కింటివాళ్ల టీవీలోంచీ అదే పాట వినిపిస్తోంది. లిఫ్టు ఒకసారి ఆగింది. ఇన్‌స్పెక్టరు ఒక ఫైలు తెరిచి ఉలిక్కిపడ్డాడు. తర్వాత హీరోయిన్‌కి గతం గుర్తొచ్చింది.

అమ్మ నుదురు ముడివడింది.

"పెద్దది రాలేదే ఇవాళ" అంది. చిట్టి వైపు తిరిగింది. "ఇది నీదే కదూ? నీకెప్పుడు వచ్చిందే ఈ ఆయాసం?"

చిట్టి అమ్మ చేయి అందుకుంది, రాద్దామని. అమ్మ విడిపించుకుంది.

"ఉండు. ఎవరో చప్పట్లు కొడుతున్నారు."

తెర మీద తాళం వేసిన గదిలో హీరోయిన్ ఒక్కతే. ముప్పై ఒకటి, ముప్పై రెండు అంటోంది. టీవీలో రొప్పు తప్ప చప్పుడేదీ లేదు. చిట్టి చెవులు రిక్కించి వింది. లేదు.

"ఏం చప్పట్లమ్మా?" అని చేతులతో అడిగింది.

అమ్మ కూతురి చేయి తీసుకుంది. దాని మీద తన వేళ్లతో తట్టి చూపించింది. టప్. టప్.

ఆగింది.

"ఇలా. రెండు కొట్టి ఆగారు" అంది అమ్మ. "మూడోది కొట్టబోయి ఆగినట్టుందే. ఎవరే వాళ్లు? గదిలో పిల్లకి ఊపిరాడకపోతే చప్పట్లు కొట్టేదెవరు?"

చిట్టి లేచింది. గోడ దగ్గరికి వెళ్లి టీవీ ప్లగ్గు పట్టుకుని లాగేసింది. తెర నల్లబడింది. రొప్పు ఆగిపోయింది. పక్కింట్లో కూడా అప్పుడే ప్రకటనలు మొదలైనట్టున్నాయి, ఎవరో దేనికో నవ్వుతున్నారు.

అమ్మ చేయి తీయలేదు.

"అమ్మా, కట్టేశాను. చెయ్యి తీయి" అంది చిట్టి. వినబడదని తెలిసీ గుసగుసగానే అంది. ప్లగ్గు ఆమె చేతిలోనే ఉంది. ఎక్కడినుంచో లవంగం వాసన.

అమ్మ నల్లటి తెరవైపు చూడలేదు. తల కొంచెం వంచి, ఎవరో చెప్పబోయే మాట కోసం ఆగినట్టు, అరచేతిని స్పీకరుకి ఇంకాస్త అదిమింది.

"ఉండవే" అంది. "ఇంకా ఉన్నారు లోపల."

చిట్టి గాలి పీల్చుకోబోయింది. సగం దాకా వచ్చి ఆగింది.

"ఆఁ..." అంది అమ్మ, తృప్తిగా తల ఊపి. "ఇప్పుడు కొట్టారు."